ఇతిహాస పురాణాల్లో అడవిని చదవడం – 3వ పాఠం: ఎవరి నోట ఏ అడవి?

ముందు పోయిన పాఠం అభ్యాసం సరిచూసుకుందాం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో, మొసలికీ ఏనుగుకీ పోరు జరిగే గజేంద్రమోక్షంలోని ‘నీరాట వనాటములకు’ పద్యంలో అడవి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమన్నాం. జవాబు రెండు. ‘వనాటము’ వనంలో తిరిగేది, అంటే ఏనుగు. ‘ఘోరాటవి’ని ఘోర, అటవి అని విడదీయాలి. ‘నీరాటము’ మొసలి. ‘పురుషోత్తముచే నారాటము’ అని వచ్చినచోట ‘నారాటము’ దగ్గర తడబడటం మామూలే. అక్కడి నకారం ముందున్న ‘పురుషోత్తముచేన్’ది, మిగిలింది ఆరాటం.

ఇంకో చిక్కుంది. వనమంటే నీరు కూడా. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం నీటి పేర్లలో ‘జీవనం భువనం వనమ్’ అని చదువుతుంది. వనజం తామర, వనధి సముద్రం అయింది అందుకే. ‘వనజాక్షుడు’ కనబడగానే నోటుబుక్కులో అడవి కింద రాసేసినవాళ్ళు ఇప్పుడే కొట్టేయండి.

ఇక ఈ వారం పని. మొదటి రెండు పాఠాల్లో మాటను పట్టుకున్నాం. ఇప్పుడు ఆ మాట అన్న మనిషిని పట్టుకోవాలి. అడవి గురించి గ్రంథం ఏమంటోంది అని నేరుగా అడిగితే తప్పుదారి పడతాం. చాలాచోట్ల అనేది గ్రంథం కాదు, అందులోని పాత్ర. ఆ పాత్రకు అప్పుడొక అవసరం ఉంటుంది.

కావలసింది వాల్మీకి రామాయణం, తాత్పర్యంతో ఉన్నది ఏదైనా సరే. నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: వాడిన మాట, ఎవరన్నారు, ఎవరితో, ఏం సాధించడానికి. మొదటి రోజు అయోధ్యకాండ 28, 29 సర్గలు ఒకే కూర్చోవడంలో చదవండి. 94వ సర్గ మర్నాటికి. మూడూ ఒకేసారి చదివితే తేడా మొద్దుబారుతుంది. బరోడా పరిష్కృత ప్రతిలో (పాత రాతప్రతులు పోల్చి సరిచేసిన ముద్రణ) సర్గల అంకెలు వేరుగా ఉంటాయి, అంకె కలవకపోతే 28వ సర్గకు ‘దుఃఖమతో వనమ్’ (అందుకే అడవి దుఃఖం) అనే పల్లవి కోసం వెతకండి.

28లో రాముడు సీతకు అడవి కష్టాలు ఏకరువు పెడతాడు. కొండవాగుల హోరుతో కలిసిన సింహాల గర్జన, మొసళ్ళున్న బురద నదులు, ముళ్ళ తీగలు అల్లుకున్న నీళ్ళులేని దారులు, రాలిన ఆకుల మీద పడక, పాములు, దోమలు. ఒక్కో కష్టం చెప్పి ‘దుఃఖమతో వనమ్’ అని ముగిస్తాడు. ఇక్కడ ఆగి ‘వాల్మీకి దృష్టిలో అడవి దుఃఖమయం’ అని రాసుకుంటే పాఠం చెడింది. నాలుగో గడి నింపండి: సీతను ఇంటి దగ్గర ఆపడానికి.

29లో సీత ఆ జాబితాలో ఒక్కటి కూడా కాదనదు. ‘యే త్వయా కీర్తితా దోషాః’, నువ్వు చెప్పిన దోషాలు అని మొదలుపెట్టి, నీ స్నేహం ముందుంటే వాటిని గుణాలే అనుకో అంటుంది. అడవి మారలేదు, కష్టాలూ మారలేదు, లెక్క కట్టే మనిషి మారింది. ఈ శ్లోకాన్ని పూర్తిగా ఎత్తి రాసుకోండి, తర్వాతి పాఠాల్లో పనికొస్తుంది.

94కి వస్తే చిత్రకూటం. అదే రాముడు, వినేదీ అదే సీత. రాజ్యం పోయినందుకు గానీ, ఆప్తులు దూరమైనందుకు గానీ ఈ కొండను చూశాక నా మనసు బాధపడటం లేదంటాడు. చెట్లు, పూలు, ధాతువుల రంగులు మెరిసే చరియలు, పక్షులు అన్నీ సంతోషం కింద జమ. ‘రాముడు మాట మార్చాడు’ అనే తేలిక వ్యాఖ్య జోలికి పోకండి. ఆనాడు ఆపాలి, ఈనాడు ఊరడించాలి. ఊరట సీతకా, తనకా అన్నది మీరే తేల్చుకోండి. మాకైతే తనకే ఎక్కువ అనిపిస్తుంది.

రెండో పొరపాటు దీనికి సరిగ్గా ఎదురు: అడవిని వెంటనే ప్రతీక చేసేయడం. దండకారణ్యం అంటే సంసారం, రాక్షసులంటే కామక్రోధాలు అని అరణ్యకాండ తెరవకముందే తేల్చేస్తారు. ఆ చదువు తప్పని కాదు గానీ, దానికి ముందు అరణ్యకాండ 15వ సర్గ చదవండి. పంచవటిలో లక్ష్మణుడు పర్ణశాల కడతాడు. మట్టి పోగుచేసి గోడలు, గట్టి స్తంభాలు, పొడవాటి వెదుళ్ళు, వాటిమీద జమ్మికొమ్మలు పరిచి తాళ్ళతో బిగింపు, పైన దర్భ, రెల్లు, శరగడ్డి, ఆకుల కప్పు. కవి అడవిని చేతితో తాకి చూపిస్తున్నాడు. పేరు పర్ణశాల అయినా అందులో మట్టీ వెదురూ ఎంతెంత పని చేస్తున్నాయో గమనించండి. ఇంత వివరం ఉన్నచోట ముందు వస్తువును చూడాలి, భావం తర్వాత.

మరి ఆ పంచవటి ఎక్కడ? మనవాళ్ళు భద్రాచలం దగ్గరి పర్ణశాలను చూపిస్తారు, మరాఠీవాళ్ళు నాసిక్‌ను. వాల్మీకి ఇచ్చిన గుర్తులు అగస్త్యాశ్రమానికి రెండు యోజనాల దూరం, గోదావరి దగ్గర అని. వాదన ఎంతైనా సాగుతుంది, ఈ పాఠానికి మాత్రం అది అక్కర్లేదు.

నాలుగు గడులకూ లొంగని చోటు ఒకటుంది: అరణ్యకాండ 9వ సర్గ. రాక్షసులను చంపుతానని రాముడు మునులకు మాటిచ్చాక సీత అడ్డుతగులుతుంది. ‘క్వ చ శస్త్రం క్వ చ వనమ్’, ఆయుధం ఎక్కడ, అడవి ఎక్కడ? క్షత్రియధర్మం అయోధ్యకు తిరిగివెళ్ళాక ఆచరిద్దువు గాని అంటుంది. ఇంద్రుడు దాచమని ఇచ్చిన కత్తిని వెంట తిప్పుకుని చెడిపోయిన ముని కథ కూడా చెబుతుంది. ఇక్కడ అడవి కష్టమా సుఖమా అన్న ప్రశ్నే లేదు. ఊరికి ఒక ధర్మం, అడవికి ఒక ధర్మం అన్న హద్దు ఉంది. కాబట్టి ఐదో గడి గీయండి: అడవిలో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు. 10వ సర్గలో రాముడి జవాబు చదివి, అతను ఆ హద్దును ఒప్పుకున్నాడా, పక్కకు నెట్టాడా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. రెండు వాక్యాలైతే మళ్ళీ చదవాలన్నమాట.

వచ్చే పాఠానికి ఋగ్వేదం పదో మండలం 146వ సూక్తం. అడవిదేవత అరణ్యానిని గురించిన ఆరు ఋక్కులు. ఐదు గడులూ నింపి తీసుకురండి. మొదటి ఋక్కులో ‘కథా గ్రామం న పృచ్ఛసి’, ఊరి సంగతి ఎందుకు అడగవు అని అడవిదేవతనే నిలదీస్తాడు ఋషి. ‘ఎవరితో’ అన్న గడి దగ్గర తొందరపడకండి. చివరి ఋక్కులో ఆమె ‘బహ్వన్నా’, ‘అకృషీవలా’ కూడా: దున్నదు, తిండికి మాత్రం కొదవ లేదు. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఎందుకు పడ్డాయో ఆలోచించి ఉంచండి.