పోర్ట్ డిస్ట్రిక్ట్ టెండర్ వేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పోర్ట్ డిస్ట్రిక్టుల (ఓడరేవులు నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థల) నిర్మాణ పనులకు బిడ్ వేసేవారు ముందు ఇవి సరిచూసుకోండి.

• డిపాజిట్ బిడ్ మొత్తంలో 5 శాతం: 20 లక్షల డాలర్లకు లక్ష. డిపాజిట్‌ను బాండు (హామీ పత్రం) రూపంలో ఇస్తే, అందులో అంకె కాకుండా "5 శాతం" అని రాయించండి. ఆఖరి గంటలో రేటు పెంచితే అంకె చాలదు, డిపాజిట్ తగ్గితే బిడ్ పోతుంది.

• అసలు ప్రమాదం సబ్‌కాంట్రాక్టర్ల జాబితాలో ఉంది. పని అంచనా 10 లక్షల డాలర్లు లేదా అంతకు మించి ఉంటే హీటింగ్-ఏసీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు బిడ్ గడువు ముగిసిన గంటలోపే ఇవ్వాలి. స్ట్రక్చరల్ స్టీలు, రీబార్ (కాంక్రీటులో వేసే ఇనుప కడ్డీలు) బిగింపు పేర్లకు 48 గంటలు. పని మీరే చేస్తుంటే మీ పేరే రాయండి, ఖాళీ వదలొద్దు. ప్రత్యామ్నాయ బిడ్లు (పనిలో మార్పులకు వేరుగా అడిగే ధరలు) లేనప్పుడు ఒకే పనికి ఇద్దరిని రాస్తే బిడ్ చెల్లదు.

• ప్రివెయిలింగ్ వేజ్ (ప్రభుత్వ పనులకు నిర్ణయించిన కనీస కూలి) రేట్లు చూశాకే ధర కట్టండి.

• అడెండాలన్నీ (టెండర్ పత్రాలకు తర్వాత ఇచ్చే సవరణలు) అందినట్టు సంతకం చేయండి.