ఎన్‌క్లెక్స్ పోయిందా? రెండోసారికి ఇలా సిద్ధం కండి

మొదటిసారి ఎన్‌క్లెక్స్ రాసి చెన్నైలో తిరుపతి రైలెక్కినప్పుడు నేను పాసైపోయాననే అనుకున్నాను. ఈ పరీక్షలో ఒక్కొక్కరికి 85 నుంచి 150 దాకా ప్రశ్నలొస్తాయి, ఎక్కడ ఆపాలో కంప్యూటరే తేలుస్తుంది. నాకు 85వ ప్రశ్న దగ్గరే స్క్రీన్ ఆగిపోయింది కదా, అంటే బాగా రాసినట్టేనని నా లెక్క. పాస్ గీతకు బాగా కిందున్నా కంప్యూటర్ అక్కడే ఆపేస్తుందని రిజల్ట్ చూశాక గానీ బుర్రకెక్కలేదు. మా అమ్మ మాత్రం "పోతే పోనీలేమ్మా, ఇంగోసారి రాస్తే సరిపాయ" అనింది. ఆ ఇంకోసారికి ఏమేం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పని చేయడానికి రాసే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ గురించే ఇదంతా.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. పుస్తకం తీసి మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. నేను అదే చేశాను. మూడు వారాలు గుండె గదులు, కవాటాలు చదువుతూ కూర్చున్నాను. బీఎస్సీ నర్సింగ్ పాసై, వార్డులో నాలుగేళ్లు పని చేసిన మనిషికి గుండె గురించి తెలియక పరీక్ష పోదు.

1. ముందు తేదీలు, డబ్బులు చూసుకోండి

పోయిన పరీక్షకు, మళ్లీ రాసే పరీక్షకు మధ్య కనీసం 45 రోజుల గడువు ఉండాలి. ఏడాదిలో 8 సార్లకు మించి రాయనివ్వరు. ఇది పరీక్ష పెట్టే ఎన్‌సీఎస్‌బీఎన్ నియమం. మీరు దరఖాస్తు చేసిన అమెరికా రాష్ట్రం నర్సింగ్ బోర్డు ఇంతకంటే గట్టి నియమం పెట్టి ఉండొచ్చు కాబట్టి వాళ్ల వెబ్‌సైట్ కూడా చూడండి. బోర్డుకు మళ్లీ దరఖాస్తు చేయాలి, పరీక్ష సెంటర్లు నడిపే పియర్సన్ వ్యూ దగ్గర మళ్లీ రిజిస్టర్ కావాలి, కొత్త ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి పత్రం) రావాలి. ఏటీటీ మీద గడువు తేదీ ఉంటుంది, ఆ లోపల రాయకపోతే కట్టిన ఫీజు పోయినట్టే. ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150 డాలర్లు, పైన పన్ను. మన డబ్బుల్లో 30 వేల పైమాటే. అందుకే రోషంతో 46వ రోజుకే స్లాట్ వేసుకోకండి. నేను దాదాపు మూడు నెలలు తీసుకున్నాను.

2. రిజల్ట్‌తో వచ్చిన రిపోర్టు చదవండి

పోయినవాళ్లకు క్యాండిడేట్ పర్ఫార్మెన్స్ రిపోర్ట్ అని ఒకటి వస్తుంది. బాధలో చాలామంది దాన్ని తెరవరు. నేనూ పది రోజులు తెరవలేదు. అందులో ఒక్కో విభాగంలో మీరు పాస్ గీతకు పైన ఉన్నారా, దగ్గర్లో ఉన్నారా, కింద ఉన్నారా అని ఉంటుంది. కింద ఉన్నవి ముందు, దగ్గర్లో ఉన్నవి తర్వాత చదవాలి. పైన ఉన్నవాటికి వారంలో ఒక పూట చాలు.

నాకు మందుల విభాగం పైన వచ్చింది. రోజూ భయపడి చదివింది అదే మరి! కిందకు లాగింది మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్. ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి అనే ప్రశ్నలన్నీ అందులోకే వస్తాయి. పరీక్షలో 15 నుంచి 21 శాతం ప్రశ్నలు ఈ ఒక్క విభాగానివే. దాన్ని నేను "ఇది కామన్ సెన్సే కదా" అని వదిలేశాను.

3. తప్పుల నోట్‌బుక్ పెట్టండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి. రోజూ 50 నుంచి 75 ప్రశ్నలు టైమ్ పెట్టుకుని చేయండి. ఆ తర్వాత చేసిన దానికి రెట్టింపు టైమ్ సమాధానాల మీద పెట్టండి. తప్పైన ప్రతి ప్రశ్న పక్కన మూడింట్లో ఒకటి రాయండి: తెలియక తప్పింది, ప్రశ్న సరిగా చదవక తప్పింది, రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పింది.

రెండు వారాల తర్వాత లెక్కపెడితే నాకు "తెలియక" అన్నవి తక్కువే. ఊగి తప్పినవే ఎక్కువ. వాటిని మళ్లీ చూస్తే ఒకే తప్పు తిరిగి తిరిగి కనబడింది: డాక్టర్‌కు చెప్పడం అనే ఆప్షన్ ఎక్కడుంటే అక్కడ టిక్ పెట్టేస్తున్నాను. మన వార్డుల్లో అలవాటు అలాంటిది. ఏ చిన్నదానికైనా ముందు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ కొడతాం. ఈ పరీక్ష అడిగేది మాత్రం ఫోన్ చేసేలోపు నర్సుగా నువ్వేం చేస్తావని.

ఉదాహరణకు, డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతున్న పేషెంటుకు వాంతులు, కళ్ల ముందు పసుపు వలయాలు, పల్స్ 52 అని ఇచ్చి ముందేం చేస్తారని అడిగారనుకోండి. ఆ డోసు ఆపడమే మొదటి పని. డాక్టర్‌కు చెప్పడం, పొటాషియం, డిగాక్సిన్ స్థాయి చూడటం ఆ తర్వాత. అదే ప్రశ్నలో "పేషెంటుకు నీరసంగా ఉందట" అని మాత్రమే ఉంటే ముందు పల్స్ చూడాలి. అంటే చూడాల్సినదంతా ప్రశ్నలోనే ఇచ్చేస్తే చేతల్లోకి దిగాలి, ఇవ్వకపోతే ముందు చూడాలి. ఇది పట్టుబడ్డాక నా తప్పులు సగానికి పడిపోయాయి.

4. మన వార్డు వేరు, పరీక్షలో వార్డు వేరు

పని అప్పగించే ప్రశ్నల్లో ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు), ఎల్‌పీఎన్ (ఆర్ఎన్ కింద పని చేసే ప్రాక్టికల్ నర్సు), యూఏపీ (లైసెన్సు లేని సహాయకులు) అని ముగ్గురుంటారు. మన దగ్గర స్పంజింగ్, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం చాలా వరకు పేషెంటుతో వచ్చినవాళ్లే చేస్తారు, లేదంటే ఆయమ్మను పిలుస్తాం. అందుకే యూఏపీ అనగానే మనకు ఎవరూ గుర్తుకు రారు. స్థిమితంగా ఉన్న పేషెంటుకు స్నానం, నడిపించడం, బీపీ, టెంపరేచర్ చూడటం, ఇంటేక్ అవుట్‌పుట్ రాయడం యూఏపీకి ఇవ్వొచ్చు. పేషెంటును అంచనా వేయడం, ఇంటికెళ్లేవాళ్లకు నేర్పడం, ఇచ్చిన చికిత్స పని చేసిందా అని తేల్చడం ఆర్ఎన్ ఇంకొకరికి ఇవ్వకూడదు. రక్తం ఎక్కిస్తుంటే మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాల్సిందీ ఆర్ఎన్‌నే.

మందుల పేర్లు కూడా మన రాక్‌లో ఉండే కంపెనీ పేర్లతో రావు, జెనరిక్ పేర్లే, అంటే మందు అసలు పేర్లే వస్తాయి. డ్యూటీలో ఇంజెక్షన్ తీసిన ప్రతిసారీ వయల్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవండి. చదువుకి ఇంతకంటే చవకైన దారి లేదు.

5. కేస్ స్టడీలు, అన్నీ టిక్ పెట్టే ప్రశ్నలు

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష మారింది. అంతకుముందు కొన్న పుస్తకాలుంటే విషయం కోసం చదవండి గానీ, ప్రశ్నల అభ్యాసం వాటితో చేయకండి. ఇప్పుడు ఎవరికైనా కనీసం మూడు కేస్ స్టడీలు (ఒక పేషెంటు వివరాలిచ్చి వాటి మీద అడిగేవి) వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. ఆ ఆరూ ఒక వరసలో నడుస్తాయి: ఏ లక్షణం ముఖ్యం, దానికి అర్థమేంటి, ఏది ఎక్కువ ప్రమాదం, ఏమేం చేయొచ్చు, ఏం చేస్తావు, చేసింది పని చేసిందా.

నేను దీన్ని డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో ప్రాక్టీస్ చేశాను. నైట్ సిస్టర్ ఒక్కో బెడ్ గురించి చెబుతుంటే మనసులో ఈ ఆరూ వేసుకునేదాన్ని. మొదట్లో రెండు బెడ్లకే తల తిరిగేది.

వర్తించే వాటన్నిటికీ టిక్ పెట్టే ప్రశ్నల్లో ఇప్పుడు కొంత రాసినా కొంత మార్కు వస్తుంది, కానీ తప్పు టిక్‌కు మార్కు తగ్గుతుంది. ఎంత తగ్గినా ఆ ప్రశ్నకు సున్నా కంటే కిందకు పోదు. కాబట్టి ఒక్కో ఆప్షన్‌ను విడిగా అవునా, కాదా అని తేల్చుకోండి. ఉంటే ఉంటుందిలే అని టిక్ పెట్టకండి. ఎన్ని ఎంచుకోవాలో ప్రశ్నలోనే సంఖ్య ఇస్తే మాత్రం మైనస్ లేదు, అన్నీ నింపేయండి.

"అసలు ప్రశ్నలు దొరికాయి" అని వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లకు డబ్బు కట్టకండి. నేనొక కోచింగ్ సెంటర్‌కు కట్టి తెచ్చుకున్నవి పాతవి, సగం సమాధానాలు తప్పులు.

6. డ్యూటీతో పాటు చదువు

నైట్ డ్యూటీ దిగాక చదవడానికి కూర్చోవద్దు, పడుకోండి. ఆఫ్ రోజున, మార్నింగ్ డ్యూటీ దిగాక సాయంత్రం చదవండి. పరీక్షకు ముందు పది రోజులు నైట్స్ లేకుండా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను ముందే అడిగి మార్చుకోండి. చివరి నెలలో వారానికొకసారి 150 ప్రశ్నలు ఒకే దెబ్బకు కూర్చుని చేయండి. అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లకు తెలుసు, మొదట్లో పరుగెత్తినవాళ్లే మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడతారు. ఇక్కడా అంతే, 85 దాటి ఆగకపోతే చేతులు వణకడం మొదలవుతుంది. గీతకు దగ్గర్లో ఉన్నారు కాబట్టే కంప్యూటర్ ఇంకా అడుగుతోంది. టైమ్ మొత్తం 5 గంటలు, వెనక్కి వెళ్లి మార్చుకునే వీల్లేదు. మధ్యలో బ్రేక్ తీసుకోవచ్చు గానీ ఆ నిమిషాలు మీ టైమ్‌లోంచే పోతాయి. అయినా నేను రెండోసారి తీసుకున్నాను, నీళ్లు తాగి వచ్చాను.

7. సెంటర్, పాస్‌పోర్టు

మనకు దగ్గర సెంటర్లు చెన్నై, బెంగళూరు. తిరుపతి వాళ్లకు చెన్నై సులువు, చిత్తూరు వాళ్లు ఎటైనా వెళ్లొచ్చు. మొదటిసారి నేను డ్యూటీ దిగి తెల్లవారుజామున బయల్దేరాను. ఆ పని చేయకండి. ముందు రోజు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కు వెళ్లి సెంటర్ ఎక్కడుందో చూసుకుని పడుకోండి. ఆధార్ పనికిరాదు, పాస్‌పోర్టే తీసుకెళ్లాలి. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఈ తేడా ఉంటే రిజిస్టర్ అయ్యేటప్పుడే సరిచేయించుకోండి, గేటు దగ్గర ఎవరూ వినరు.

పరీక్ష అయ్యాక ఆ రాత్రికి డ్యూటీ వేయించుకోకండి. ఎన్ని ప్రశ్నలొచ్చాయని ఎవరైనా అడిగితే లెక్కపెట్టలేదని చెప్పండి. నేను రెండోసారి అదే చెప్పాను, నిజానికి 112.