అందరికీ ప్రాథమిక ఆదాయం: నలుగురిలో చెప్పడం నేర్చుకుందాం – 4వ పాఠం: "అంత డబ్బు ఎక్కడిది?"

ముందుగా పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్నకు జవాబు చూద్దాం. ఫిన్లాండ్ 2017, 2018 సంవత్సరాల్లో 2,000 మందికి నెలకు 560 యూరోల చొప్పున ఇచ్చింది కదా. ప్రాథమిక ఆదాయం అంటే ప్రతి మనిషికీ షరతుల్లేకుండా క్రమం తప్పకుండా ఇచ్చే నగదు. మొదటి పాఠంలో చెప్పుకున్న దాని ఐదు గుర్తుల్లో అక్కడ కనిపించనిది ఏది అని అడిగాను. "అందరికీ" అన్న గుర్తు లేదు. ఆ 2,000 మందీ అప్పటికే నిరుద్యోగ భృతి పొందుతున్నవాళ్లు. మిగతా నాలుగూ ఉన్నాయి: క్రమం తప్పకుండా వచ్చింది, నగదుగా వచ్చింది, కుటుంబానికి కాకుండా మనిషికి వచ్చింది, పని దొరికినా ఆగకుండా వచ్చింది. ఇంతవరకు రాసినవాళ్ల జవాబు సరైనదే.

ఆ ప్రయోగంలో ఇంకో లోటు కూడా ఉంది. ఈ రోజు పాఠమంతా దాని మీదే. అక్కడ డబ్బు ఇచ్చారు గానీ, ఆ డబ్బు కోసం పన్నుల పద్ధతి మార్చలేదు. కెన్యా గ్రామాల్లో 2016లో మొదలైన దీర్ఘకాల ప్రయోగానికి దాతల డబ్బు వచ్చింది. అమెరికాలోని స్టాక్టన్ నగరంలో 2019 నుంచి రెండేళ్లపాటు 125 మందికి నెలకు 500 డాలర్లు ఇచ్చినప్పుడూ అది విరాళాల డబ్బే. డబ్బు చేతికొస్తే మనిషి ఏం చేస్తాడో ఈ ప్రయోగాలు చూపిస్తాయి. ఆ డబ్బు ఎవరి దగ్గర నుంచి రావాలో చూపించవు. అందుకే "అంత డబ్బు ఎక్కడిది?" అని ఎవరైనా అడిగితే ప్రయోగాల పేర్లు చెప్పకండి. అది వేరే ప్రశ్నకు జవాబు.

నేను ఈ తప్పు చేశాను. మొదటిసారి ఓ ఇరవై మంది ముందు మాట్లాడినప్పుడు ఒక పెద్దాయన లేచి, "బాబూ, వినడానికి బాగుంది. ఇంతమందికి ఇవ్వాలంటే ఎవరు కడతారు?" అని అడిగారు. నేను ఒక ప్రయోగం గురించి ఐదు నిమిషాలు చెప్పాను. ఆయన మర్యాదగా తలూపి కూర్చున్నారు. ఒప్పుకోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఇంటికొచ్చాక ఆ రాత్రే కాగితం పెన్నూ తీసుకుని కింది లెక్క వేసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి సమావేశానికీ ఇది నాతో వస్తోంది.

మీరూ ఇప్పుడే ఒక కాగితం తీసుకోండి. చదివి వదిలేస్తే ఈ పాఠం పట్టుబడదు. చేత్తో రాస్తేనే నోటికి వస్తుంది.

పది మంది ఉన్న చిన్న దేశాన్ని ఊహించుకోండి. డబ్బును నాణేలు అందాం. ఏ దేశం కరెన్సీ వాడినా వినేవాళ్ల మనసు "ఆ మొత్తం చాలుతుందా?" అనే వైపు పోతుంది, అసలు లెక్క వెనకబడుతుంది. ఈ పది మంది నెల సంపాదన వరసగా ఇలా రాయండి: 0, 0, 10, 20, 30, 40, 50, 70, 100, 180. కూడితే 500. సగటు 50.

ఇప్పుడు ఒక్కొక్కరికీ నెలకు 10 నాణేల ప్రాథమిక ఆదాయం ఇద్దాం. 180 సంపాదించే వ్యక్తికీ 10, ఏమీ లేని వ్యక్తికీ 10. మొత్తం 100 నాణేలు కావాలి. దేశం సంపాదన 500లో అది ఐదో వంతు. వినగానే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వ్యతిరేకించేవాళ్లు చెప్పేదీ ఈ అంకెనే. దీన్ని స్థూల ఖర్చు అంటారు.

ఆ 100 కోసం అందరి సంపాదన మీద 20 శాతం పన్ను వేద్దాం. 500లో 20 శాతం అంటే సరిగ్గా 100. ఖజానాకు అప్పూ లేదు, మిగులూ లేదు. ఇక ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, చేతికొచ్చింది ఎంత, చేతి నుంచి పోయింది ఎంత అని చూద్దాం.

సంపాదన లేని ఇద్దరికీ చెరో 10 పూర్తిగా మిగులుతుంది. 10 సంపాదించే వ్యక్తి 2 కడతాడు, 10 అందుకుంటాడు, అంటే 8 లాభం. 20 ఉన్నవాడికి 6, 30 ఉన్నవాడికి 4, 40 ఉన్నవాడికి 2. 50 సంపాదించే వ్యక్తి 10 కట్టి 10 తీసుకుంటాడు, ఇటూ లేదు అటూ లేదు. 70 వాడికి 4 పోతుంది, 100 వాడికి 10 పోతుంది, 180 వాడికి 26 పోతుంది.

లాభపడ్డవాళ్ల లెక్క కూడండి: 10, 10, 8, 6, 4, 2. మొత్తం 40. నష్టపోయినవాళ్ల లెక్క కూడండి: 4, 10, 26. అదీ 40. అంటే ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి నిజంగా కదిలింది 40 నాణేలే. మిగతా 60 నాణేలు ఎవరి జేబులోంచి వచ్చాయో తిరిగి వాళ్ల జేబులోకే వెళ్లాయి. ఈ 40ని నికర ఖర్చు అంటారు. 500లో అది 8 శాతం.

ఈ కూడిక దగ్గర కాసేపు ఆగండి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. "కోటీశ్వరుడికి కూడా ఎందుకివ్వాలి?" అని అందరూ అడుగుతారు. కాగితం చూపించండి. 180 వాడికి మనం 10 ఇచ్చాం, 36 తీసుకున్నాం. అతనికి ఇవ్వకుండా 26 పన్ను వేసినా ఫలితం అదే. కానీ ఇవ్వకూడదని పట్టుబడితే, ఎవరు పేద, ఎవరు కాదు అని నెలనెలా తేల్చే ఒక యంత్రాంగం కావాలి. అర్జీలు, విచారణలు, సర్టిఫికెట్లు, చివరికి అర్హత ఉండీ జాబితాలో పేరు లేని మనుషులు. అందరికీ ఇచ్చి, పన్నుతో వెనక్కి తీసుకుంటే, ఎవరూ తాము పేదవాళ్లమని ఎవరి ముందూ రుజువు చేసుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. లాభనష్టాలు సమానమైన మనిషి సరిగ్గా సగటు దగ్గర, 50 దగ్గర ఉన్నాడు. ఇది యాదృచ్ఛికం కాదు. అందరికీ ఒకే రేటు పన్ను వేసి, వచ్చిందంతా సమానంగా పంచితే ఎప్పుడూ అలాగే అవుతుంది. సంపాదన కొద్దిమంది దగ్గర పోగుపడిన దేశాల్లో సగటు కన్నా తక్కువ సంపాదించేవాళ్లే ఎక్కువ మంది ఉంటారు. మన కాగితం మీద కూడా ఆరుగురు కింద, ముగ్గురు పైన ఉన్నారు.

ఇక్కడ "కనీస ఆదాయ హామీ" అనే మాట కూడా వినిపిస్తుంది. పత్రికల్లో చాలాసార్లు రెండిటినీ ఒకటే అన్నట్టు రాస్తారు. ఒకటి కాదు. హామీ పద్ధతిలో సంపాదన 10 కన్నా తక్కువ ఉన్నవాళ్లకు ఆ లోటు మాత్రమే పూడుస్తారు. ఏమీ లేనివాడికి 10 ఇస్తారు. అతను కష్టపడి 8 సంపాదిస్తే 2 మాత్రమే ఇస్తారు. చేతిలో ఉండేది అప్పుడూ 10, ఇప్పుడూ 10. అతని కష్టం మీద నూటికి నూరు శాతం పన్ను వేసినట్టే కదా. మన పద్ధతిలో అదే మనిషి 8 సంపాదిస్తే 1.6 పన్ను పోగా చేతిలో 16.4 ఉంటుంది. పని మానేసేలా చేసేది ఏ పద్ధతో వినేవాళ్లే చెబుతారు. మీరు అంకెలు పలికితే చాలు.

ఇప్పుడు నిజమైన దేశం లెక్క. స్విట్జర్లాండ్‌లో ఉద్యమకారులు ప్రాథమిక ఆదాయం మీద దేశమంతా ఓటు వేయాలని కోరుతూ 1,00,000కు పైగా సంతకాలు సేకరించి, 2013 అక్టోబరులో వాటిని ప్రభుత్వానికి అందించిన రోజున బెర్న్ నగరంలో పార్లమెంటు ముందు 80 లక్షల నాణేలు కుమ్మరించారు, దేశంలోని మనిషికొకటి చొప్పున. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. ప్రచారంగా అంతకన్నా గొప్పది ఇప్పటివరకు జరగలేదని నా అభిప్రాయం. కానీ వాళ్ల ప్రతిపాదనలో మొత్తం ఎంత అని లేదు. దాన్ని చట్టానికి వదిలేశారు. చర్చలో మాత్రం పెద్దవాళ్లకు నెలకు 2,500 ఫ్రాంకులు, పిల్లలకు 625 అనే అంకెలు తిరిగాయి. ఆ అంకెలతో ప్రభుత్వం లెక్క వేస్తే ఏడాదికి 208 బిలియన్ ఫ్రాంకులు తేలింది (బిలియన్ అంటే వంద కోట్లు). అందులో 128 బిలియన్లు జనం సంపాదనలోంచి తీసుకుని వాళ్లకే తిరిగి ఇచ్చేవి. 55 బిలియన్లు అప్పటికే ఉన్న సామాజిక భద్రతా పథకాల స్థానంలో వచ్చేవి. ఇవి పోగా కొత్తగా వెతుక్కోవలసింది 25 బిలియన్లు. 208కీ 25కీ ఎంత తేడా! 2016 జూన్ 5న ఓటింగు జరిగితే 23.1 శాతం మాత్రమే అవునన్నారు. ఓడిపోవడానికి ఖర్చు ఒక్కటే కారణం అనను. అయినా ఆ 25 అనే అంకెను, దాని వెనక ఉన్న కూడికను ఇంటింటికీ తీసుకెళ్లి ఉంటే చర్చ ఇంకో మెట్టు మీద జరిగేదని గట్టిగా నమ్ముతాను.

నికర లెక్క నేర్చుకున్నాక కొత్తవాళ్లు చేసే తప్పులు రెండు. మొదటిది, "ఖర్చు 8 శాతమే" అని చెప్పి ఊరుకోవడం. పన్ను రేటు 8 కాదు, 20. అదనంగా సంపాదించే ప్రతి నాణెం మీదా అది పడుతుంది. ఇప్పటికే ఉన్న పన్నులకు అది తోడవుతుంది. ఆ మాట మీరే ముందు చెప్పండి. ఎదుటివాళ్లు కనిపెట్టి చెబితే మీ మిగతా మాటలన్నిటి మీదా నమ్మకం పోతుంది.

రెండోది మనుషులను గాయపరిచే తప్పు. "పాత పథకాలన్నీ రద్దు చేస్తే డబ్బు వచ్చేస్తుంది" అనేది. మన పది మందిలో సంపాదన లేని ఒకరు వికలాంగుడని, అతనికి ఇప్పటికే 15 నాణేల పింఛను వస్తోందని అనుకోండి. దాన్ని తీసేసి 10 ఇస్తే, పేదవాళ్ల పేరుతో చేసిన పని వల్ల అందరికన్నా బలహీనుడికి 5 నష్టం. స్విస్ లెక్కలోని ఆ 55 బిలియన్లు చదివేటప్పుడు కూడా ఎవరికి ఏం తగ్గుతుందో అని అడగాలి. వైద్యం, చదువు, ప్రత్యేక అవసరాల సాయం ముట్టుకోకుండా లెక్క కుదరాలి. కుదరకపోతే మొత్తం తగ్గించుకుందాం గానీ అతని పింఛను మీద చెయ్యి వేయొద్దు.

పన్ను కాకుండా వేరే దారి లేదా అని కూడా అడుగుతారు. ఉంది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం 1976లో రాజ్యాంగ సవరణతో ఒక నిధి పెట్టుకుని, ఖనిజాల మీద వచ్చే రాయల్టీల్లో, అంటే తవ్వుకునేవాళ్లు ప్రభుత్వానికి కట్టే వాటాలో, కనీసం నాలుగో వంతు అందులో వేస్తోంది. ఆ నిధి ఆదాయంలోంచి 1982లో మొదటిసారి మనిషికి 1,000 డాలర్లు పంచారు. ఏడాదికొకసారి ఇచ్చే ఆ పంపకం ఇప్పటికీ సాగుతోంది. ఏటా మొత్తం మారుతుంది, బతకడానికి అదొక్కటే చాలదు. కానీ భూమిలోని సంపద అందరిదీ అన్న మాట అక్కడ చెక్కు రూపంలో ఇంటికొస్తుంది. రెండో పాఠంలో చదివిన రాజకీయ రచయిత థామస్ పెయిన్ 1797లో వాదించింది దాదాపు ఇదే.

ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధనం, రొట్టె వంటి వాటి మీద రాయితీలు కోసి, ఆ డబ్బును మనిషికి నెలకు 4,55,000 రియాళ్ల చొప్పున జమ చేసింది. ధరలు పెరుగుతూ పోయాయి, ఆ మొత్తం మాత్రం ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. విలువ కరిగిపోయింది. మీరు ఏ ప్రతిపాదన చదివినా "ధరలతో పాటు ఇది పెరుగుతుందా?" అని మార్జిన్‌లో రాసుకోండి.

ఇక అభ్యాసం. ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి, పది చీటీల మీద ఆ పది సంపాదనలు రాసి పంచండి. ఒక్కొక్కరికి రెండు మూడు చీటీలు రావచ్చు. గింజలో, బటన్లో నాణేలుగా వాడండి. ముందు పన్ను వసూలు చేయండి, తర్వాత అందరికీ పది పది పంచండి. చివర ఎవరి దగ్గర ఎంత పెరిగిందో, తగ్గిందో వాళ్లనే చెప్పమనండి. మీరు వివరించకండి. 180 చీటీ వచ్చిన మనిషి ముఖం, 0 చీటీ వచ్చిన మనిషి ముఖం చూడండి. 180 వాళ్లు అభ్యంతరం చెబితే కొట్టిపారేయకుండా పూర్తిగా వినండి, ఆ మాటలు రాసుకోండి. బయట మీకు ఎదురయ్యేవి అవే.

తర్వాత ఒక్కరే కూర్చుని ఈ రెండు లెక్కలు చేయండి.

ఒకటి: ప్రాథమిక ఆదాయం 15 నాణేలు చేస్తే పన్ను రేటు ఎంత కావాలి? నికర ఖర్చు ఎంత? లాభనష్టాలు సమానమయ్యే చోటు మారిందా?

రెండు: 180 సంపాదించే వ్యక్తి తన సంపాదనంతా దాచేశాడు, పన్ను కట్టలేదు, కానీ తన 10 మాత్రం తీసుకున్నాడు. మిగతా వాళ్ల నుంచే 100 రావాలంటే రేటు ఎంతవుతుంది? ఇంతకుముందు 2 లాభపడిన 40 నాణేల మనిషికి ఇప్పుడు ఏమైంది?

మొదటి దానికి జవాబు ఇక్కడే ఇస్తున్నాను: రేటు 30 శాతం, నికర ఖర్చు 60, సమానమయ్యే చోటు 50 దగ్గరే. రెండోది మీరు చేయండి. రేటు 31.25 శాతం వస్తే మీ దారి సరైనదే. 40 నాణేల మనిషి సంగతి మాత్రం మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో "ఊరికే డబ్బిస్తే ఎవరైనా పని చేస్తారా?" అన్న ప్రశ్నను ఆ నాలుగు వాక్యాలతోనే మొదలుపెడతాం.