ప్యాచ్‌లు కలిపిన విండోస్ ఇన్‌స్టాలర్ (3వ పాఠం): ఏది ముందు, ఏది తర్వాత

గత రెండు పాఠాల్లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ఐఎస్‌ఓను (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) సి డ్రైవ్‌లో విప్పి, ఇన్‌స్టాల్.విమ్ ఫైల్‌లోంచి (విండోస్ మొత్తాన్ని కుదించి పెట్టిన ఇమేజ్ ఇదే) ప్రో ఎడిషన్ ఒక్కదాన్నే వేరుచేసి పెట్టుకున్నాం. ఈ పాఠం ఆ ఇమేజ్‌లోకి ప్యాచ్‌లు (మైక్రోసాఫ్ట్ ఇచ్చే సవరణ అప్‌డేట్‌లు) ఎక్కించడం గురించే. కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాం. టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లోనే. మామూలు ప్రాంప్ట్ తెరిస్తే 740 ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబుకు ముప్పై సిస్టమ్‌లు ఉన్నాయనుకోండి. పాత ఐఎస్‌ఓతో వేస్తే ముప్పై సిస్టమ్‌లూ ఒకే నెట్ కనెక్షన్ మీద అవే అప్‌డేట్‌లను విడివిడిగా దించుకుంటాయి. పైగా అవి పూర్తయ్యేదాకా పాత లోపాలతోనే నెట్‌లో ఉంటాయి. మనం ఒక్కసారి దించి ఇమేజ్‌లోనే కలిపేస్తే ఆ రెండు బెడదలూ ఉండవు.

ముందు డౌన్‌లోడ్. ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్‌ను (పాత సవరణలన్నీ కలిపి ఉండేది) మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో వెతకండి. ఎక్స్64 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లది) దాన్నే తీసుకోండి, పక్కనే ఆర్మ్64 (ఆర్మ్ ప్రాసెసర్లది) కూడా ఉంటుంది. 24హెచ్2లో చెక్‌పాయింట్ పద్ధతి వచ్చింది. కొత్త ప్యాచ్ పూర్తి ఫైల్‌గా కాక, 2024 సెప్టెంబర్ నాటి కేబీ5043080 మీద ఆనుకుని వస్తుంది. క్యాటలాగ్‌లో డౌన్‌లోడ్ నొక్కితే రెండో మూడో ఎంఎస్‌యూ (అప్‌డేట్) ఫైళ్లు కనిపించేది అందుకే. అన్నీ దించి సి:\ప్యాచ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఫోల్డర్‌లో వేరే ఎంఎస్‌యూ ఒక్కటి కూడా ఉండకూడదు. డాట్‌నెట్ (కొన్ని ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన మైక్రోసాఫ్ట్ భాగం) ప్యాచ్‌కు విడిగా ఇంకో ఫోల్డర్ చేయండి.

మౌంట్ అంటే ఇమేజ్‌లోని ఫైళ్లను మార్చడానికి ఒక ఫోల్డర్‌లో తెరిచి పెట్టడం. ఆ పని చేసేది విండోస్‌లోని డిస్మ్ టూల్. మౌంట్ ఫోల్డర్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్ మీద చేయొద్దు.

డిస్మ్ /మౌంట్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:సి:\వర్క్\ఇన్‌స్టాల్.విమ్ /ఇండెక్స్:1 /మౌంట్‌డిర్:సి:\మౌంట్

ఇక్కడ 0ఎక్స్‌సీ1510111 వస్తే ఫైల్‌కు రీడ్-ఓన్లీ గుర్తు ఉండిపోయిందని అర్థం. ఐఎస్‌ఓలోంచి నేరుగా కాపీ చేసిన ఫైళ్లకు ఇది మామూలే. ప్రాపర్టీస్‌లో టిక్ తీసేస్తే చాలు.

ఇప్పుడు ప్యాచ్. పాత్‌లో అన్నిటికన్నా కొత్త ఎంఎస్‌యూ పేరు ఒక్కటే ఇవ్వండి. చెక్‌పాయింట్ ఫైల్‌ను అదే ఫోల్డర్‌లో డిస్మ్ తనే వెతుక్కుంటుంది.

డిస్మ్ /ఇమేజ్:సి:\మౌంట్ /యాడ్-ప్యాకేజ్ /ప్యాకేజ్‌పాత్:సి:\ప్యాచ్\కొత్తప్యాచ్.ఎంఎస్‌యూ

చాలాసేపు పడుతుంది. శాతం ఒకచోట నిలిచిపోయినట్టు కనిపించినా విండో మూయొద్దు. మధ్యలో కరెంటు పోతే ఇమేజ్ సగంలో పాడవుతుంది కాబట్టి ఈ పని యూపీఎస్ ఉన్న సిస్టమ్ మీదో, ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ మీదో పెట్టుకోండి. 0ఎక్స్800ఎఫ్081ఈ వస్తే ఆ ప్యాచ్ ఈ ఇమేజ్‌కు చెందదు. వేరే వెర్షన్‌దో, ఆర్మ్64దో దించి ఉంటారు. మీ సిస్టమ్‌లో విండోస్ 10 ఉంటే దాని డిస్మ్ 24హెచ్2 ఇమేజ్‌తో తడబడవచ్చు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఏడీకే టూల్స్ కిట్‌తో వచ్చే కొత్త డిస్మ్ వాడండి.

ప్యాచ్ ఎక్కాక శుభ్రం చేయాలి. ఎక్కువమంది వరస తప్పేది ఇక్కడే.

డిస్మ్ /ఇమేజ్:సి:\మౌంట్ /క్లీనప్-ఇమేజ్ /స్టార్ట్‌కాంపొనెంట్‌క్లీనప్ /రీసెట్‌బేస్

కొత్త ప్యాచ్ వల్ల పనికిరాకుండా పోయిన పాత ఫైళ్లను ఇది తీసేస్తుంది. రీసెట్‌బేస్ ఇచ్చాక ఆ ప్యాచ్‌ను మళ్లీ వెనక్కి తీయడం కుదరదు. ఇన్‌స్టాలర్ విషయంలో ఇది నష్టం కాదని మా అభిప్రాయం.

డాట్‌నెట్ 3.5 ఈ శుభ్రం తర్వాతే. ఆదోని పత్తి కొట్లోనో, కడప ఏడు రోడ్ల దగ్గరి షాపులోనో పాత బిల్లింగ్ ప్రోగ్రాం ఉంటే దీని అవసరం పడవచ్చు. ముందే ఎనేబుల్ చేస్తే ఇమేజ్‌లో పెండింగ్ పనులు మిగిలిపోతాయి, క్లీనప్ 0ఎక్స్800ఎఫ్0806 చెప్పి నిరాకరిస్తుంది.

డిస్మ్ /ఇమేజ్:సి:\మౌంట్ /ఎనేబుల్-ఫీచర్ /ఫీచర్‌నేమ్:నెట్‌ఎఫ్ఎక్స్3 /ఆల్ /లిమిట్‌యాక్సెస్ /సోర్స్:సి:\వర్క్\సోర్సెస్\ఎస్ఎక్స్ఎస్

ఆ వెంటనే డాట్‌నెట్ క్యుములేటివ్ ప్యాచ్‌ను కూడా యాడ్-ప్యాకేజ్‌తోనే కలపండి.

మూసేముందు /గెట్-ప్యాకేజెస్ ఇచ్చి చూడండి. ప్యాకేజ్_ఫర్_రోలప్‌ఫిక్స్ అనే లైన్‌లో 26100 తర్వాతి అంకె, మీరు దించిన ప్యాచ్ వివరణలోని బిల్డ్ నంబర్‌తో సరిపోవాలి. స్థితి ఇన్‌స్టాల్ పెండింగ్ అని ఉన్నా కంగారు వద్దు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు పూర్తవుతుంది.

డిస్మ్ /అన్‌మౌంట్-ఇమేజ్ /మౌంట్‌డిర్:సి:\మౌంట్ /కమిట్

మార్పులను ఫైల్‌లో భద్రపరిచి మౌంట్‌ను మూసేది ఇదే. దీనికి ముందు మౌంట్ ఫోల్డర్ తెరిచి ఉన్న ఎక్స్‌ప్లోరర్ కిటికీలన్నీ మూసేయండి. లేకపోతే 0ఎక్స్‌సీ1420117 వస్తుంది. అప్పుడు వాటిని మూసి అన్‌మౌంట్ మళ్లీ చేయాలి.

ఇంతా చేశాక ఇన్‌స్టాల్.విమ్ సైజు తగ్గకపోగా పెరిగి ఉంటుంది. తీసేసిన ఫైళ్ల చోటు విమ్‌లో అలాగే మిగిలిపోవడం ఒక కారణం. వచ్చే పాఠంలో ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో దాన్ని కుదించి, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ 4 జీబీ హద్దు దాటితే 3800 ఎంబీ ముక్కలుగా కోద్దాం. అందాకా ఈ ఫైల్‌ను ఇంకోచోట కాపీ చేసి ఉంచండి. ఇన్‌స్టాలర్‌ను మొదలుపెట్టే బూట్.విమ్‌ను మాత్రం ఇంకా ముట్టుకోవద్దు. అందులో రెండు ఇండెక్స్‌లు (విడి ఇమేజ్‌లు) ఉంటాయి, రెండింటికీ ఇదే ప్యాచ్ విడివిడిగా పడాలి.