మన ఇంట్లో మొదటిసారి థాంక్స్‌గివింగ్ విందు: వండే ముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో ఉండి వచ్చిన పిల్లలు ఈసారి థాంక్స్‌గివింగ్ విందు (అక్కడి కృతజ్ఞతల పండుగ భోజనం, టర్కీ అనే పెద్ద కోడిలాంటి పక్షిని కాల్చి పెడతారు) కావలిలోనే చేద్దామంటే సంతోషంగా ఒప్పుకోండి. సరుకుల చీటీ రాసేముందు మాత్రం పంచాంగం చూడండి. ఆ పండుగ నవంబరు నాలుగో గురువారం వస్తుంది, 1941లో వాళ్ల పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం చేసి ఖాయం చేసింది. ఒక్కో ఏడాది అది మన కార్తీకంలో పడుతుంది. 2026లో నవంబరు 26 అలాంటిదే. పైగా గురువారం, బాబా భక్తులు నీచు ముట్టరు. అందరి మధ్యా కోడిని పెడితే మేనత్తో పెద్దమ్మో నోరు తెరిచి ఏమీ అనరు, ఇంత పెరుగన్నం తిని లేచిపోతారు. అలా జరగకూడదు. మనకు ఆ రోజు సెలవు కాదు కదా, కార్తీకం వెళ్లాక వచ్చే ఆదివారానికి జరపండి. పిల్లలు ఆ రోజే కావాలంటే ఆ పూటకి కోడి మానేయండి. మెత్తగా మెదిపిన బంగాళాదుంప, బీన్స్, మొక్కజొన్న, గుమ్మడికాయ ‘పై’ (ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) ఇవన్నీ అక్కడి విందులో ఉండేవే. ఆ ‘పై’లో గుడ్డు వేస్తారు. తీపి వంటకాల్లో వేసే మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయిల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. నిష్ఠగా ఉండేవాళ్లకు ఈ రెండూ ముందే చెప్పండి.

కోడి పెట్టే రోజైతే టర్కీ కోసం చెన్నై దాకా పోవద్దు. మన ఇళ్లలో ఉండే ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 6 కిలోల పక్షి పట్టదు. ఒకటిన్నర కిలోల బ్రాయిలర్ కోడి తీసుకోండి. నాటుకోడి పులుసుకి బాగుంటుంది గానీ ఇలా కాలిస్తే గట్టిపడుతుంది. గడ్డకట్టిన కోడైతే ముందు రోజే ఫ్రిజ్‌లో కింది అరకి దించండి, రాత్రంతా గట్టు మీద వదలొద్దు. పైన ఎర్రగా కాలిందని దించేయకండి. తొడ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.

నవంబరంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వాయుగుండాల నెల. 2015 నవంబరు వానలు నెల్లూరువాళ్లు మరిచిపోలేదు. కరెంటు పోతే 2000 వాట్ల ఓటీజీని మామూలు ఇంటి ఇన్వర్టర్ లాగలేదు. వాన కబురుంటే కోడిని ముక్కలు కొట్టించి మసాలా పట్టించండి, అప్పుడు అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూతపెట్టి సన్నమంట మీద గ్యాస్ పొయ్యి పైనే చేసుకోవచ్చు. ఓటీజీకి ఏసీ పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. వేడి గాజుగిన్నెను తడి గట్టు మీద దించితే పగులుతుంది, కింద మందపాటి పొడిగుడ్డ వేయండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లను కోడి కాలేదాకా కూర్చోబెట్టకండి. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. వాళ్లు రోజూ తినే వేళకే అన్నం, చారు, కూర వడ్డించేయండి. పిల్లలకు క్రాన్‌బెర్రీ (పుల్లటి ఎర్ర పండు) సాస్ లేదని దిగులొద్దు, ఉసిరికాయ, బెల్లం ఉడికించి పెట్టినా ఆ పులుపూ తీపీ వస్తాయి.

మిగిలింది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. రాత్రి బస్సెక్కే బంధువులకు మాత్రం కోడి కట్టివ్వొద్దు. బుట్టలో ఏ చేగోడీలో అరిసెలో పెట్టి పంపండి.