నాలుగు ట్రేల హార్డ్ డిస్క్ బాక్స్: మొదటి రోజే సరిగ్గా అమర్చుకోండి

పెళ్లి వీడియోలు తీసే ఏ స్టూడియోకి వెళ్లినా ఒక సొరుగు నిండా హార్డ్ డిస్కులుంటాయి. కొన్నింటి మీద స్కెచ్ పెన్నుతో "మాఘం 2019" అని ఉంటుంది, కొన్నింటి మీద ఏమీ ఉండదు. మా దగ్గరా అంతే ఉండేది. మూడు కెమెరాలు, డ్రోన్ కలిపి ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వందల జీబీ వచ్చి పడుతుంది, శ్రావణంలో ముహూర్తాలు వరసగా ఉంటే ఒక డిస్క్ నిండేలోపే ఇంకొకటి కొనాలి. ఒక్కోదానికి ఒక్కో ఎడాప్టర్, ఒక్కో కేబుల్, ఏది దేనిదో తెలియదు. అందుకే చివరికి నాలుగు ట్రేలున్న బాక్స్ తీసుకున్నాం. డిస్కుని ట్రేలో బిగించి ముందు నుంచి లోపలికి తోస్తే అదే వెనక కనెక్టర్లో కూర్చుంటుంది, నిండాక లాగేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒకటే కేబుల్, ఒకటే ప్లగ్.

వినడానికి ఎంత తేలికగా ఉన్నా డేటా పోయేది కూడా ఈ తేలిక వల్లే. అందుకే ఏ క్రమంలో ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను.

బాక్స్ తెరవగానే వెనకవైపు చూడండి. చిన్న చిన్న స్విచ్‌లు రెండో మూడో ఉంటాయి, లేదా గుండ్రంగా తిప్పేది ఒకటి ఉంటుంది. అది రైడ్ మోడ్ స్విచ్. రైడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి. (రైడ్ లేని బాక్సులు కూడా వస్తాయి, మీది అదైతే ఈ గొడవ లేదు.) డిస్కులు పెట్టకముందే దీన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే డేటా ఎక్కించాక మోడ్ మార్చితే ఉన్నదంతా పోయినట్టే. నా సలహా సూటిగా చెప్తాను: ఒక్కో డిస్క్ విడివిడిగా కనిపించే మోడ్‌లో పెట్టండి. దాన్ని కొన్ని బాక్సుల మీద సింగిల్ అని, కొన్నింటి మీద నార్మల్ అని, కొన్నింటి మీద జేబీఓడీ అని రాస్తారు. ఈ చివరి పేరుతో జాగ్రత్త, కొన్ని కంపెనీలు నాలుగు డిస్కుల్నీ వరసగా కలిపి ఒకే పెద్ద డిస్కుగా చూపించే మోడ్‌కి కూడా అదే పేరు వాడతాయి. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ అయినా చదవండి.

రైడ్ 5 పెడితే ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, నిజమే. కానీ మా బంధువుల స్టూడియోలో ఏం జరిగిందో చెప్తాను. వాళ్లు నాలుగు డిస్కులతో రైడ్ 5 పెట్టుకుని మూడేళ్లు వాడారు. ఒక వేసవి రాత్రి కరెంట్ పోయి వచ్చేసరికి బాక్స్‌లోని బోర్డు కాలిపోయింది. నాలుగు డిస్కులూ బాగానే ఉన్నాయి, ఒక్కటీ చెడలేదు, అయినా ఏ కంప్యూటర్‌కి తగిలించినా చదవలేదు. డేటా ముక్కలు ముక్కలుగా నాలుగింటి మీదా పరిచి ఉంది, ఆ ముక్కల్ని ఏ వరసలో కలపాలో ఆ బోర్డుకే తెలుసు. అదే మోడల్ బాక్స్ కోసం హైదరాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో షాపు షాపూ తిరిగారు, దొరకలేదు. చివరికి రికవరీ వాళ్లకి ఇచ్చి, వాళ్లు అడిగినంత కట్టి కొంత వెనక్కి తెచ్చుకున్నారు. ఒక అమ్మాయి పెళ్లిలో కన్యాదానం ఫుటేజ్ మాత్రం రాలేదు. ఆ కుటుంబానికి ఏం చెప్పాలో తెలియక మా వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో నేను దగ్గరుండి చూశాను. విడివిడి మోడ్‌లో ఉండుంటే, ఆ డిస్కుని తీసి వేరే బాక్స్‌లో పెట్టుకుంటే అయిపోయేది.

ఇక డిస్కులు బిగించడం. 3.5 అంగుళాల డిస్కులకీ 2.5 అంగుళాల వాటికీ స్క్రూలు వేరు. పెద్దవాటికి మర దూరం దూరంగా ఉండే లావు స్క్రూ, దాన్ని 6-32 అంటారు. చిన్నవాటికీ ఎస్‌ఎస్‌డీలకీ ఎం3, సన్న మర. బాక్స్‌తో రెండు రకాలూ ఒకే కవర్లో కలిపి ఇస్తారు. లావుది చిన్న డిస్కులో బలవంతంగా తిప్పితే మర పోతుంది, మళ్లీ ఏ స్క్రూ పట్టదు. చేత్తో రెండు చుట్లు హాయిగా తిరిగితేనే స్క్రూడ్రైవర్ పెట్టండి. ట్రే అడుగున బిగించేదైతే ఇంకో సంగతి ఉంది. 6 టీబీ, అంతకంటే పెద్ద డిస్కుల్లో కొన్నింటికి మధ్యలో ఉండే రంధ్రాలు ఉండవు, వాటి స్థానం మారింది. ట్రే పాతదైతే రెండు స్క్రూలే పడతాయి. కొనేముందు మీ డిస్క్ బోర్లా తిప్పి ఒకసారి చూసుకోండి.

డిస్కుని పట్టుకునే ముందు ఏదైనా ఇనుప వస్తువుని, అంటే కంప్యూటర్ కేబినెట్ లాంటిదాన్ని, చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంట్ పోతుంది. పచ్చ బోర్డు మీద వేళ్లు పెట్టకుండా అంచులు పట్టుకోండి. ట్రేలో పెట్టాక కనెక్టర్ వెనకవైపుకి రావాలి. తిరగేసి పెడితే రంధ్రాలు కలవవు, కాబట్టి రంధ్రాలు కలవకపోతే బలవంతం చేయకుండా తిప్పి చూడండి.

ట్రేని లోపలికి పంపేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందున్న పిడి మూసేసి ట్రేని అరచేత్తో గట్టిగా నెడతారు. అలా కాదు. పిడి పూర్తిగా తెరిచి ఉంచి, ట్రే దానంతట అది ఆగేవరకు నెమ్మదిగా జరిపి, అప్పుడు పిడి మూయాలి. కనెక్టర్‌ని చివరి రెండు మూడు మిల్లీమీటర్లు సమానంగా లోపలికి తోసేది ఆ పిడే. మొదటిసారి ఇదంతా బాక్స్ ఆఫ్‌లో ఉండగానే చేయండి. నాలుగు డిస్కులు లేకపోయినా ఖాళీ ట్రేలు కూడా లోపలే ఉంచండి. ఖాళీ స్థలం తెరిచి ఉంటే ఫ్యాన్ గాలి అక్కడి నుంచే లాగేస్తుంది, డిస్కుల మధ్య నుంచి పోదు.

కరెంట్ విషయం. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత బాగా తగ్గుతుంది. నాలుగూ ఒకేసారి మొదలైతే 8 ఆంపియర్ల దాకా వెళుతుంది. అందుకే మంచి బాక్సులు ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేస్తాయి. ఎడాప్టర్ పోయిందని ఇంట్లో ఉన్న వేరేది తగిలిస్తే మొదట బాగానే పనిచేసినట్టు ఉంటుంది, మూడో డిస్క్ పెట్టగానే అన్నీ టక్ టక్ మంటూ ఆగి మొదలవుతాయి. వోల్టేజ్ అంతే ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు. నాలుగు పిన్నుల గుండ్రటి ప్లగ్ అయితే పిన్నుల వరస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అది మాత్రం ఆ మోడల్‌కి చెప్పిందే కొనండి. కంప్యూటర్‌తో పాటు బాక్స్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి బాక్స్‌ని గోడ ప్లగ్‌కి పెట్టినవాళ్లని చూశాను. కాపీ మధ్యలో కరెంట్ పోతే రాస్తూ ఉన్నది డిస్క్ కదా, ముందు దానికి ఉండాలి.

కేబుల్ బాక్స్‌తో వచ్చినదే వాడండి. టైప్ సీ అంటే అన్నీ ఒకటే అనుకుంటాం గానీ, ఫోన్ చార్జర్‌తో వచ్చే కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2 వేగానికే పనికొస్తాయి. సెకనుకి 40 ఎంబీ లోపే. ఆ వేగంతో 400 జీబీ పెళ్లి ఎక్కడానికి మూడు గంటల దాకా పడుతుంది. అదే సరైన కేబుల్ పెట్టి కంప్యూటర్ వెనకున్న యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా తగిలిస్తే డిస్క్ తన వేగంతో 150, 180 ఇస్తుంది, ముప్పావు గంటలో అయిపోతుంది. మధ్యలో హబ్ వద్దు.

ఇప్పుడు బాక్స్ ఆన్ చేయండి. విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్క్ అయితే ఇనిషియలైజ్ చేయమంటుంది, ఎంబీఆరా జీపీటీయా అని అడుగుతుంది. డిస్క్ మీద భాగాల పట్టిక రాసే రెండు పద్ధతులవి. జీపీటీ పెట్టండి. ఎంబీఆర్ పెడితే 2 టీబీ దాటి వాడుకోలేరు. 4 టీబీ డిస్క్ 3.63 అని కనిపిస్తుంది, షాపువాడు మోసం చేయలేదు, కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది అన్నింటికంటే ముఖ్యం. పాత బాక్స్‌లో వాడిన, డేటా ఉన్న డిస్కుని కొత్త బాక్స్‌లో పెట్టినప్పుడు కూడా విండోస్ ఇనిషియలైజ్ చేయమనో ఫార్మాట్ చేయమనో అడగొచ్చు. దేనికీ ఓకే నొక్కొద్దు. కొన్ని పాత బాక్సులు 2 టీబీ దాటిన డిస్కుల్ని చూపించడానికి సెక్టార్ల (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడుల) కొలత మార్చి రాసేవి, అలాంటి డిస్క్ వేరే బాక్స్‌లో ఖాళీగా కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. క్యాన్సిల్ కొట్టి, డిస్కుని మళ్లీ పాత బాక్స్‌లోనే పెట్టి, అందులోంచి కొత్త డిస్కుకి కాపీ చేసుకోండి.

ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. మ్యాక్‌లో కూడా రాయాల్సిన పని ఉంటే ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ మామూలుగా రాయదు. అయితే ఎక్స్‌ఫ్యాట్ మధ్యలో కరెంట్ పోతే తట్టుకోవడంలో కొంచెం బలహీనం, అవసరం లేకపోతే వద్దు. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేయండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. డిస్క్ మొత్తం ఒకసారి రాసి చూసినట్టవుతుంది, చెడిపోయేది ఉంటే మీ డేటా ఎక్కకముందే బయటపడుతుంది, వారంటీలో మార్చుకోవచ్చు. ఫార్మాట్ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 అని ఉన్న వరసలు చూడండి. చెడిపోయిన, అనుమానంగా ఉన్న సెక్టార్ల లెక్క అది, మూడింటి ఎదురుగా రా వాల్యూస్ అనే గడిలో సున్నాలే ఉండాలి. సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద పెళ్లి ఎక్కించొద్దు.

డిస్కుకి పేరు పెట్టేటప్పుడు దాని సీరియల్ నంబర్లో చివరి నాలుగు అక్షరాలు వాడండి. అదే పేరు ట్రే ముందు స్టిక్కర్ మీద, డిస్క్ మీద కూడా రాయండి. "ట్రే 2" అని పేరు పెట్టామా, రేపు ఆ డిస్క్ ట్రే 3లోకి వెళ్లిన రోజున తప్పు డిస్క్ ఫార్మాట్ అవుతుంది. ఇంకో మాట, బాక్స్ కొన్నప్పుడే విడి ట్రేలు దొరికితే రెండు మూడు ఎక్కువ తీసుకోండి. ఒక కంపెనీ ట్రే ఇంకో కంపెనీ బాక్స్‌లో పట్టదు, రెండేళ్ల తర్వాత ఆ మోడలే ఉండదు.

ట్రే తీసేటప్పుడు: కాపీ అయిపోయింది కదా అని లాగేయకూడదు. స్క్రీన్ కింద మూల ఉన్న ఎజెక్ట్ నొక్కితే చాలా బాక్సుల్లో నాలుగు డిస్కులూ కలిసే పోతాయి. ఒక్కటే తీయాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమవైపు ఆ డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆఫ్‌లైన్ పెట్టండి. పిడి తెరిచి ట్రేని అంగుళం మాత్రం జరిపి, ఇరవై సెకన్లు ఆగండి. లోపల పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతూ ఉంటుంది, అది ఆగేదాకా చేత్తో ఎత్తొద్దు. మళ్లీ పెట్టినప్పుడు ఆఫ్‌లైన్‌లోనే కనిపిస్తే అక్కడే ఆన్‌లైన్ చేసుకోండి. కొన్ని బాక్సుల్లో ఒక ట్రే లాగగానే మిగతావి కూడా క్షణం పాటు మాయమై మళ్లీ వస్తాయి, కాబట్టి వేరే డిస్క్ మీద కాపీ నడుస్తుంటే దేన్నీ ముట్టుకోవద్దు. హాట్ స్వాప్ (అంటే ఆన్లో ఉండగానే డిస్క్ తీసి పెట్టొచ్చు) అని బాక్స్ మీద లేకపోతే మొత్తం ఆఫ్ చేసే తీయండి.

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా. మే నెలలో ఏసీ లేని గదిలో డిస్కులు తేలిగ్గా 50 డిగ్రీలు దాటతాయి. 45 లోపు ఉంచడానికి చూడండి. గోడకి ఆనించొద్దు, వెనక ఫ్యాన్‌కి ఒక జానెడు ఖాళీ ఉండాలి, నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులపాలి.

మా దగ్గర ఇప్పుడు ఒకటో ట్రేలో ఉన్నదంతా రెండో ట్రేలోనూ ఉంటుంది. మూడోది నిండగానే తీసి, బూడిద రంగు యాంటీస్టాటిక్ కవర్లో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మా బాబాయి గారింట్లో ఉంచుతాం. మూడు నెలలకోసారి తెచ్చి తగిలించి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి మళ్లీ పంపిస్తాం. పెళ్లి నుంచి వచ్చిన రాత్రి ఎంత నిద్ర ముంచుకొచ్చినా రెండు డిస్కుల మీదా కాపీ అయ్యాక, రెండింటిలోనూ వీడియో తెరిచి మొదలు, మధ్య, చివర జరిపి చూస్తాం. కెమెరా కార్డులు ఫార్మాట్ చేసేది ఆ తర్వాతే.