పాట కుదరని రోజు నోట్‌బుక్‌లో ఏం రాయాలి

ముప్పయ్యో నలభయ్యో దాటాక కర్ణాటక సంగీతం మొదలుపెట్టి, సరళీ స్వరాలనే మొదటి పాఠాలు దాటి, ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పాడే జంట స్వరాల దగ్గరికొచ్చేసరికి "నాకు గొంతు లేదులెండి" అని మానేసేవాళ్లని చాలామందిని చూశాను. నా లెక్కలో వాళ్లలో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది. ఎక్కడ తప్పుతోందో తెలియక మొత్తం మీదే నమ్మకం వదిలేసుకుంటారు, అంతే. దానికి నేను చెప్పే మందు సాధన నోట్‌బుక్. డైరీ కాదు, "ఈరోజు మనసు బాగోలేదు" లాంటివి దీంట్లో రాయకండి, వాటికి వేరే పుస్తకం పెట్టుకోండి.

ముందు ఒక మామూలు రూళ్ల నోట్‌బుక్ కొనండి. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు "పాడాక అనిపించింది", కుడివైపు "మర్నాడు విన్నది" అని రాసుకోండి. పైన తేదీ, శ్రుతి, అంటే మీ స ఏ ఎత్తులో పెట్టుకున్నారో అది. శ్రుతి ఎందుకంటే, హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గరా, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గరా పాడతారు గానీ, జలుబు చేసిన రోజు అర శ్రుతి దిగితే హాయిగా ఉంటుంది. అది రాసి పెట్టుకోకపోతే తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు ఏదో పోయిందని అనవసరంగా టెన్షన్ పడతారు.

ఇక అసలు పని. తంబూరా యాప్ ఒక ఫోన్‌లో పెట్టుకుని, ఇంకో ఫోన్‌లో రికార్డ్ చేస్తూ పాడండి. అయిపోగానే వినొద్దు, వినకుండానే ఎడమవైపు రాయండి. మర్నాడు సాధనకి కూర్చునే ముందు విని కుడివైపు రాయండి. మొదట్లో ఈ రెండు వైపులకీ పొంతనే ఉండదు, మీరు బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నది తేలిపోతుంది, పాడైపోయిందనుకున్నది ఫర్వాలేదనిపిస్తుంది. ఆ రెండూ దగ్గరవుతున్నాయంటే చెవి తయారవుతోందని అర్థం. గొంతు దాని వెనకాలే వస్తుంది, కాస్త ఆలస్యంగా.

రాసేటప్పుడు ఒకటే నియమం: "బాగా రాలేదు", "ఛండాలంగా ఉంది" అనేవి నిషేధం. ఏ స్వరం, ఏ కాలం (అంటే ఏ వేగం), ఎక్కుతున్నప్పుడా దిగుతున్నప్పుడా, అంతవరకే. ఉదాహరణకి మాయామాళవగౌళ తీసుకోండి. పురందరదాసు మొదటి పాఠాలకి ఈ రాగాన్ని పెట్టారని సంప్రదాయం చెబుతుంది. ఇది 15వ మేళకర్త, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం. ఇందులో స, రి పక్కపక్కనే ఉంటాయి, రి నుంచి గ కి పెద్ద దూరం, మళ్లీ గ, మ పక్కపక్కనే. పై సగం కూడా అచ్చం ఇదే కొలత. కాబట్టి కింద రి పైకి జారిపోయేవాళ్లకి పైన ద కూడా జారే అవకాశం ఎక్కువ. నోట్‌బుక్‌లో "రెండో కాలం, అవరోహణ, గ నుంచి రి కి దిగలేదు, రి ఎక్కువైంది" అని ఉంటే రేపు ఏం చేయాలో తెలిసిపోయినట్టే: తాళం ఆపేసి, గ రి స మూడే అకారంలో (స్వరం పేరు పలకకుండా ‘ఆ’ అంటూ), తంబూరా వింటూ, మెల్లగా. రి లో నిలబడి స ని వినండి. ఆ దగ్గరితనం చెవికి పట్టాక మళ్లీ తాళంలో పెట్టండి. "బాగా రాలేదు" అని రాసినవాడు మాత్రం మళ్లీ మొదటి నుంచి చివరిదాకా అదే తప్పుతో పాడి, తప్పునే సాధన చేస్తాడు.

తాళం తప్పులు వేరే రంగు పెన్నుతో రాయండి. అలంకారాల్లో, అంటే ఒక్కో తాళానికి కట్టిన స్వర పాఠాల్లో, చాలామంది ఝంప తాళం దగ్గర తడబడతారు. ఏడక్షరాల లఘువు (ఒక దెబ్బ, తర్వాత వేళ్ల లెక్క), ఒక అనుద్రుతం (ఒక్క దెబ్బ), ఒక ద్రుతం (దెబ్బ, చెయ్యి తిప్పడం, రెండక్షరాలు), మొత్తం 10. ఆ ఒక్క దెబ్బ అనుద్రుతం దగ్గర చెయ్యి ఊరికే పరిగెడుతుంది. అక్కడ స్వరం తప్పలేదు, చెయ్యి తప్పింది. ఈ రెండింటినీ కలిపేసుకుని గొంతుని తిట్టుకోవడం అన్యాయం.

గీతాలు, వర్ణాలు లాంటి పాటల దాకా వచ్చాక స్వరం పైన గమకానికి (స్వరాన్ని ఊపే తీరుకి) మీకు తోచిన గుర్తులు పెట్టుకోండి, వంకర గీతో చుక్కో ఏదైనా సరే. సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకి ప్రత్యేకంగా గుర్తులు ఉన్నాయి, అదీ తెలుగు లిపిలో. తమిళదేశంలో అచ్చయిన అంత పెద్ద పుస్తకాన్ని మనం తిన్నగా చదువుకోగలం, ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు కూడా. అయితే పాడేటప్పుడు మాత్రం నోట్‌బుక్ మూసేయండి. చూసి పాడటం అలవాటైతే కన్ను పాడుతుంది, చెవి నిద్రపోతుంది.

నలుగురిలో పాడి చెడిన రోజు సంగతి కాస్త వేరు. బొమ్మల కొలువు పేరంటంలో "ఒక పాట పాడవే" అని అత్తయ్య అడగడం, చరణంలో సాహిత్యం మర్చిపోవడం, పక్కవాళ్లు అందుకోవడం, ఇవన్నీ అయ్యేవే. ఆ రాత్రి రాయకండి, రాస్తే ఏడుపే వస్తుంది. రెండ్రోజులాగి మూడే రాయండి: ఏ శ్రుతిలో ఎత్తుకున్నారు, ఎక్కడ ఆగారు, ఆగే ముందు ఏం ఆలోచిస్తున్నారు. మూడోది ముఖ్యం. చాలాసార్లు అక్కడ "వాళ్లేమనుకుంటున్నారో" అనే ఉంటుంది. అలాగైతే మీకు కావలసింది ఇంకో వంద సార్లు వల్లె వేయడం కాదు, ఇంట్లోవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడటం. వాళ్లు టీవీ చూస్తున్నా సరే, అదీ ప్రాక్టీసే. శ్రుతి హెచ్చు పెట్టి ఎత్తుకున్నారని తేలితే, దానికి మందు ఇంకా సులువు: పాట మొదలుపెట్టే ముందే అందులోని పై స్వరాన్ని ఒకసారి మెల్లగా అందుకుని చూసుకోండి.

నెలాఖరున పేజీలన్నీ ఒకసారి తిరగేసి, ఒకే తప్పు ఎక్కువసార్లు కనిపిస్తే దాన్నే ప్రశ్నగా చేసుకుని గురువుగారిని అడగండి. నోట్‌బుక్ మొత్తం ఆయన ముందు పెట్టకండి, పాఠం టైమంతా దానికే పోతుంది. రికార్డింగులు ఫోన్ నిండా పేరుకుపోతాయి, నెలకొకటి ఉంచుకుని మిగతావి తీసేయండి, ఆ ఒక్కటీ బాగా వచ్చినదాన్ని ఏరుకోకుండా ఏ నెలకానెల మొదటి రోజుది ఉంచండి.